రంగు పూయలేని ఇనుము
బ్రేకు డిస్కు, తుప్పు: ఒక చరిత్ర

సూరత్ నగరంలో దక్షిణపు వైపున, ఉధనా, డిండోలీలకు దగ్గరగా నవాగామ్ అనే పేట ఉంది. పేరుకు అర్థం కొత్త ఊరు. మన వైపు కొత్తూరు, కొత్తపల్లి అంటామే, అలాగే. మరమగ్గాల మీద బతుకు వెతుక్కుంటూ కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వెళ్లిన నేత కుటుంబాలు ఈ చుట్టుపక్కల పేటల్లో స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చింది. అందువల్ల అక్కడ ఒకే వస్తువుకు మూడు పేర్లు వినబడతాయి. ఇంట్లో పెద్దవాళ్లు ‘జంగు పట్టింది’ అంటారు. బడిపిల్లలు పుస్తకంలో ఉన్నట్టు ‘తుప్పు’ అంటారు. వీధి చివర గుజరాతీ మెకానిక్ ‘కాట్’ అంటాడు.

వానాకాలంలో రెండు రోజులు కదలకుండా నిలిచిన కారు చక్రాన్ని ఎప్పుడైనా పరిశీలించారా? చక్రపు ఊచల సందుల్లోంచి లోపల గుండ్రని ఇనుప పళ్లెం ఒకటి కనిపిస్తుంది. మెకానిక్‌లు దాన్ని డిస్క్ ప్లేటు అంటారు, ఇంజినీర్లు రోటర్ అంటారు. మొన్నటిదాకా అద్దంలా మెరిసిన ఆ పళ్లెం మీద నారింజరంగు పొర పరుచుకుని ఉంటుంది. కారు కదిలించి మొదటిసారి బ్రేకు తొక్కగానే గరగరమని శబ్దం వస్తుంది. వీధి మలుపు తిరిగేలోగా ఆ శబ్దమూ ఉండదు, ఆ రంగూ ఉండదు.

కారు ఒంటినిండా నాలుగైదు పొరల రంగు వేసిన కంపెనీ, ప్రాణాలు ఆధారపడిన ఈ ఒక్క పళ్లేన్ని మాత్రం ఎందుకు వట్టి ఇనుముగా వదిలేసింది? ఇది మరచిపోయి చేసిన పని కాదు. దీని వెనుక పెద్ద కథే ఉంది.

చుక్క నీటిలో బ్యాటరీ

ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు పుడుతుందని ఏడో తరగతి పుస్తకంలోనే ఉంటుంది. కాని ఎలా కలుస్తాయన్నది 20వ శతాబ్దం వచ్చేదాకా తేలలేదు. 1903లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు విల్లిస్ విట్నీ, తుప్పు పట్టడం విద్యుత్తుతో కూడిన రసాయన చర్య అని వాదించాడు. ఆ మాటను కంటికి కనిపించేలా చేసినవాడు కేంబ్రిడ్జిలో పనిచేసిన యులిక్ ఇవాన్స్. ఆయన ప్రయోగం ఎంత సులువో చూడండి. మీ కళాశాల ప్రయోగశాలలో అధ్యాపకుల సమక్షంలో మీరే చేయవచ్చు.

బాగా రుద్ది శుభ్రం చేసిన ఇనుప పలక మీద ఒక చుక్క ఉప్పునీరు వేయాలి. అందులో ముందే కొద్దిగా ఫినాఫ్తలీన్, కొద్దిగా పొటాషియం ఫెర్రిసయనైడ్ కలిపి ఉంచాలి. కాసేపటికి చుక్క నడిమధ్య నీలిరంగు, అంచు చుట్టూ గులాబిరంగు తేలుతాయి. నీలిరంగు ఉన్నచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి ఫెర్రస్ అయాన్లుగా నీటిలోకి దిగుతున్నది. గులాబిరంగు ఉన్నచోట ఆ ఎలక్ట్రాన్లను తీసుకుని ఆక్సిజన్, నీరు కలిసి హైడ్రాక్సిల్ అయాన్లు అవుతున్నాయి. అంచుకు గాలి దగ్గర కనుక అక్కడ ఆక్సిజన్ ఎక్కువ. మధ్యకు అది అందదు. ఈ తేడాయే ఒక చిన్న బ్యాటరీ. రెండు రంగుల నడుమ, అయాన్లు కలుసుకునే చోట తుప్పు పేరుకుంటుంది.

ఇందులో మనం గుర్తుంచుకోవలసిన విచిత్రం ఒకటుంది. గాలి బాగా తగిలే చోట కంటే, గాలి ఆడని చోటనే ఇనుము ఎక్కువగా కరిగిపోతుంది. చాలా రోజులు నిలిచిన కారు బ్రేకు డిస్కు మీద ప్యాడ్ ఆకారంలో అచ్చుగుద్దినట్టు ఒక మచ్చ పడుతుందే, దానికి కారణం ఇదే. తడిసిన ప్యాడ్ డిస్కును ఆనుకుని ఉంటే దాని కింద ఇవాన్స్ చుక్క మధ్యభాగంలాంటి పరిస్థితి ఏర్పడుతుంది. పైన పరుచుకున్న నారింజ పొర మొదటి బ్రేకుకే పోతుంది. ప్యాడ్ కింద పడిన గుంట పోదు.

ఇవాన్స్ కాలంలోనే వెర్నాన్ అనే మరో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు గాలిలోని తేమను కొలుస్తూ ఇంకో సంగతి కనిపెట్టాడు. సాపేక్ష ఆర్ద్రత పెరుగుతున్న కొద్దీ తుప్పు మెల్లమెల్లగా పెరగదు. దాదాపు 60 శాతం దాకా నామమాత్రంగా ఉండి, ఆ గీత దాటగానే ఒక్కసారిగా ఎగబాకుతుంది. గాలిలో గంధకపు డయాక్సైడ్ ఉంటే మరీను. సూరత్ ఖంభాత్ సింధుశాఖకు దగ్గరి ఊరు. వానాకాలమంతా ఆర్ద్రత ఆ గీతకు పైనే ఉంటుంది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఉధనా, పాండేసరా పక్కన బట్టల అద్దకం మిల్లుల బాయిలర్లున్నాయి. తుప్పుకు కావలసినవన్నీ ఒకచోట చేరాయన్నమాట. మన దేశంలో ఏ ఊరి గాలి ఇనుమును ఎంత తింటుందో తెలుసుకోవడానికి తమిళనాడులోని కారైక్కుడిలో ఉన్న కేంద్రీయ విద్యుత్ రసాయన పరిశోధన సంస్థవారు అనేకచోట్ల లోహపు పలకలను ఆరుబయట వదిలి, తూచి, ఒక పటమే తయారుచేశారు.

కప్పిపెట్టే విద్య

తుప్పుతో సూరత్‌కు పాత పరిచయం ఉంది. తాపీ నది ఒడ్డున ఒకప్పుడు ఓడలు కట్టేవారు. లౌజీ నుస్సర్వాన్‌జీ వాడియా అనే పార్సీ వడ్రంగి సూరత్ నుంచే 1736లో బొంబాయికి వెళ్లి అక్కడి ఓడల రేవు పనికి పునాది వేశాడు. ఆ వంశం వారు టేకుతో కట్టిన ఓడలకు ఎంతో పేరు వచ్చింది. 1817లో బొంబాయిలో నీటిలోకి దిగిన ట్రింకోమలీ ఈనాటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో తేలుతూ ఉంది. ఐరోపా ఓడల ఓక్ కలపలో ఉండే ఆమ్లం ఇనుప మేకులను తినేస్తుంది. టేకులోని నూనె వాటిని కాపాడుతుంది. మన కలపే ఇనుముకు తుప్పు మందు అయిందన్నమాట!

అదే కాలంలో బ్రిటిష్ నౌకాదళానికి ఒక చేదు అనుభవం ఎదురైంది. చెక్కను పురుగులు తొలవకుండా 1761లో అలారం అనే ఓడ అడుగుకు రాగిరేకులు తొడిగారు. వెస్టిండీస్ వెళ్లి వచ్చాక 1763లో చూస్తే రాగి భద్రంగానే ఉంది గాని, దాన్ని పట్టి ఉంచిన ఇనుప మేకులు చాలావరకు కరిగిపోయాయి. ఉప్పునీటిలో రాగి, ఇనుము ఒకదాన్నొకటి తాకితే ఇనుము బలి అవుతుంది. 1824లో హంఫ్రీ డేవీ ఈ లక్షణాన్నే తలకిందులు చేసి, రాగిని కాపాడడానికి దాని పక్కన ఇనుము ముక్కనో జింకు ముక్కనో బలిపెట్టవచ్చని చూపాడు.

ఆ దారిలోనే 1837లో ఫ్రాన్సులో సోరెల్ ఇనుమును కరిగిన జింకులో ముంచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మన ఇళ్ల మీది జింకు రేకులు దాని సంతానమే. 1906లో ఇంగ్లండులో కోస్లెట్ ఫాస్ఫారికామ్లంతో ఇనుము మీద ఫాస్ఫేటు పొర కట్టించాడు. 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ క్రోమియం కలిపిన ఉక్కు తుప్పు పట్టడం లేదని గమనించాడు. స్టెయిన్‌లెస్ స్టీలు తనకు తానే క్రోమియం ఆక్సైడు పొర కప్పుకుంటుంది. మన ఢిల్లీ ఉక్కుస్తంభం సంగతి కూడా ఇలాంటిదే. దానిలో భాస్వరం ఎక్కువగా ఉండడంవల్ల పైన పలుచని రక్షక పొర కట్టిందని ఐఐటీ కాన్పూర్‌కు చెందిన ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించారు. అయితే ఆ స్తంభాన్ని వెనక్కి తిరిగి కౌగిలించుకుంటే అదృష్టమని సందర్శకులు తరతరాలుగా రుద్ది రుద్ది ఒకచోట నిగనిగలాడేలా చేశారు. 1997లో చుట్టూ కంచె వేయవలసి వచ్చింది.

రంగు, నూనె, జింకు, ఫాస్ఫేటు, క్రోమియం: పేర్లు ఎన్ని ఉన్నా ఉపాయం ఒకటే. ఇనుముకూ గాలికీ నడుమ ఏదో ఒకటి అడ్డం పెట్టడం. మరి రుద్దుకోవడమే పనిగా పుట్టిన ఇనుముకు ఏం అడ్డం పెడతాం?

నవాగామ్ నేతపనివాళ్లకు ఈ చిక్కు కొత్త కాదు. మగ్గంలో పడుగు దారాలు దూరి వచ్చే పన్నె ఉంటుంది. మరమగ్గాల్లో దాని పళ్లు ఉక్కువి. దానికి రంగు వేస్తే దారానికి అంటుతుంది. మగ్గం నడుస్తున్నన్నాళ్లు దారాలే రుద్ది దాన్ని మెరిపిస్తాయి. నాలుగు రోజులు మగ్గం ఆగితే జంగు పడుతుంది. తిరిగి నేయగానే బట్ట మీద ఎర్ర చార, గరుకు పంటికి తగిలి దారం తెగడం. అందుకే మగ్గం ఆపేటప్పుడు పన్నెకు పలుచగా నూనె తుడుస్తారు. నీటి ధారతో దారాన్ని విసిరే వాటర్‌జెట్ మగ్గాలు సూరత్‌లో వచ్చాక పన్నెలు స్టెయిన్‌లెస్‌వి వాడవలసి వచ్చింది. బ్రేకు డిస్కుదీ పన్నె బతుకే. ఒకే తేడా ఏమిటంటే దానికి నూనె పూయడానికి కూడా వీల్లేదు. పూస్తే బండి ఆగదు.

డిస్కు పుట్టుక, ఒక ఓటమి

1902లో బర్మింగ్‌హామ్ ఇంజినీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. పలుచని లోహపు పళ్లేన్ని రెండువైపుల నుంచి దవడల్లా పట్టి ఆపడం ఆయన ఊహ. ఆయన వాడిన రాగి ప్యాడ్‌లు భరించలేనంతగా కీచుమనేవి. హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్బెస్టాస్‌తో చేసిన ప్యాడ్ తెచ్చాక ఆ గోల తగ్గింది. ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు ఎంత ప్రమాదమో ప్రపంచానికి అర్థం కావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఏమైనా అప్పటి మట్టిరోడ్ల మీద డిస్కు నిలవలేదు. లోపల దాక్కుని పనిచేసే డ్రమ్ము బ్రేకే రాజ్యమేలింది. మన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు దశాబ్దాలపాటు డ్రమ్ములతోనే నడిచాయి. డ్రమ్ములోనూ తుప్పు పడుతుంది. కంటికి కనబడదంతే.

ఇప్పుడు చెప్పబోయే సంఘటనను కార్ల చరిత్ర రాసేవారు ఒక వాక్యంలో దాటవేస్తారు. నా దృష్టిలో మన విషయానికి ఇదే అసలు మలుపు. 1949లో అమెరికాలో క్రాస్లీ అనే చిన్న కార్ల కంపెనీ తన హాట్‌షాట్ కారుకు నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు పెట్టింది. మామూలు జనం కొనే కార్లలో అది గొప్ప సాహసం. ప్యాడ్‌లను పట్టి ఉంచే క్యాలిపర్ అల్యూమినియంతో చేసింది. చలికాలం వచ్చింది. మంచు కరగడానికి అక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పునీరు, బురద లోపలికి చేరి క్యాలిపర్ క్షయమై బిగుసుకుపోయింది. ఎండలో ఎదురులేని బ్రేకు ఉప్పు ముందు ఓడిపోయింది. 1950 నాటికల్లా కంపెనీ డ్రమ్ములకు తిరిగిపోయింది. అలారం ఓడ మేకులు చెప్పిన పాఠం, 187 ఏళ్ల తర్వాత, చక్రం మీద మళ్లీ చెప్పించుకోవలసి వచ్చింది.

డిస్కును నిలబెట్టింది పందెం కార్లు. 1953లో ఫ్రాన్సులోని లెమాన్స్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్కులు తొడిగిన జాగ్వార్ సీ-టైప్ గెలిచింది. డ్రమ్ము వేడెక్కి పట్టు సడలే చోట డిస్కు గాలికి చల్లబడి మళ్లీ మళ్లీ ఆపింది. 1955లో సిట్రోయెన్ డీఎస్ కారుతో డిస్కు పెద్ద ఎత్తున జనంలోకి వచ్చింది.

ఎందుకు పోత ఇనుమే?

వేడి అన్నాం కదా, చిన్న లెక్క వేద్దాం. 1000 కిలోల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతున్నది. దాని గతిజశక్తి 2 లక్షల జౌళ్లు. బ్రేకు వేసి ఆపితే ఇదంతా దాదాపుగా వేడిగా మారాలి. 30 డిగ్రీల దగ్గరున్న 680 గ్రాముల నీటిని మరిగే స్థితికి తేవడానికి ఈ శక్తి చాలు. కొన్ని సెకన్లలో, నాలుగు చక్రాల దగ్గర!

ఈ వేడిని మింగి గాలికి వదలడానికి బూడిదరంగు పోత ఇనుము చక్కగా సరిపోయింది. దానిలో 3 శాతానికి పైగా కార్బన్ ఉంటుంది. అందులో అధికభాగం గ్రాఫైట్ రేకులుగా పరుచుకుని ఉంటుంది. ఆ రేకులు వేడిని త్వరగా చేరవేస్తాయి, కంపనాన్ని మింగి కీచుశబ్దాన్ని తగ్గిస్తాయి. పైగా ధర తక్కువ, అచ్చులో పోయడం సులువు. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు బాధ తక్కువే గాని వేడిని చేరవేయడంలో చాలా వెనుకబడుతుంది. తేలికైన మోటారుసైకిలుకు అది చాలు. అందుకే వానలో తడిసిన బైకు డిస్కు తెల్లగానే ఉండి, పక్కనున్న కారు డిస్కు ఎర్రబడుతుంది. తుప్పు పడుతుందని తెలిసే ఇంజినీర్లు పోత ఇనుమును ఎంచుకున్నారు. రోజూ నడిచే బండికి ప్యాడే తుప్పును గీకేస్తుందన్న ధీమా అది.

తీయదగ్గ తుప్పు, తీయరాని తుప్పు

రెండు మూడు రోజుల నారింజ పొరకు ఏ మందూ అక్కరలేదు. ఖాళీ రోడ్డు మీద, వెనుక ఎవరూ లేనప్పుడు, మెల్లగా నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే చాలు. అయితే ఆ మొదటి రెండు బ్రేకులు సరిగా పట్టకపోవచ్చు. వాన వెలిసిన ఉదయం తొందరగా బయలుదేరేవారు ముందున్న బండికి దూరంగా ఉండాలి. కారు కడిగిన తర్వాత కూడా అంతే. తడి డిస్కులతో షెడ్డులో పెట్టేయకుండా ఒక చుట్టు నడిపి, బ్రేకు వేసి, ఆ వేడితో ఆరనివ్వాలి.

నెలల తరబడి నిలిచిన బండి సంగతి వేరు. డిస్కు విప్పి చూడాలి. గరుకు కాగితంతోనో తీగ బ్రష్షుతోనో పై తుప్పు పోతుంది. గుంటలు మిగిలితే లేతు మీద పలుచగా చెక్కిస్తారు. దానికీ హద్దుంది. డిస్కు అంచున కనీస మందం అంకె పోతలోనే వేసి ఉంటుంది. అంతకు తగ్గితే మార్చడమే దారి. పలుచని డిస్కు తక్కువ వేడిని ఓర్చుకుంటుంది, పగలవచ్చు కూడా. కొందరు సిర్కాలోనో ఫాస్ఫారికామ్లంలోనో నానబెడతారు. తుప్పు కరుగుతుంది, నిజమే. ఎక్కువసేపు ఉంచితే ఆమ్లం మంచి ఇనుమునూ తింటుంది. బాగా కడిగి వెంటనే ఆరబెట్టకపోతే గంటలోపే కొత్త తుప్పు పలకరిస్తుంది.

చాలామంది చూడని చోటు ఇంకొకటి ఉంది. డిస్కు వెనుకభాగం హబ్బు మీద కూర్చునే చోట తుప్పు పేరుకుంటుంది. తుప్పు తాను పుట్టిన ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కదా. ఆ పొక్కు మీద కొత్త డిస్కు బిగిస్తే అది వెంట్రుకవాసి వంకరగా తిరుగుతుంది. బ్రేకు తొక్కినప్పుడు పెడలు కాలి కింద దడదడలాడుతుంది. డిస్కు చెడ్డదని మళ్లీ మార్పిస్తారు. చెడ్డది హబ్బు!

కప్పిపెట్టే విద్య ఈ భాగాలకు పనికొస్తుంది. ప్యాడ్ తాకని నడిమి టోపీకి, అంచులకు జింకు, అల్యూమినియం రేణువులున్న పూత వేయవచ్చు. కొత్త డిస్కు మీద కంపెనీ తుప్పు పట్టకుండా నూనె పూసి పంపితే, బిగించేముందు దాన్ని బ్రేకు క్లీనర్‌తో పూర్తిగా తుడవాలి. ప్యాడ్ తాకే ముఖం మీద నూనె, గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రే ఏదీ మిగలకూడదు. మెరుపు కోసం స్ప్రే కొట్టి, మర్నాడు కూడలిలో బండి ఆగకపోతే ఏం జరుగుతుందో ఊహించుకోండి. బ్రేకు ధూళిని నోటితో ఊదడం, గాలిపంపుతో కొట్టడం కూడా చేయరాదు.

బ్రేకు ఆగిపోతే

2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి సూరత్‌లో అధికభాగం మునిగింది. ఇళ్లు, మగ్గాలు, బళ్లు రోజుల తరబడి బురదనీటిలో ఉండిపోయాయి. అలా మునిగిన కారుకు డిస్కు మీది తుప్పు గీకితే సరిపోదు. క్యాలిపర్ ముషలకాల చుట్టూ ఒండ్రు చేరుతుంది. మామూలుగా వాడే బ్రేకు ద్రవానికి నీటిని పీల్చుకునే గుణం ఉంది. అది లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది, వేడెక్కితే త్వరగా మరుగుతుంది. అందుకే ద్రవం మార్చి, క్యాలిపర్ విప్పి చూడకుండా అటువంటి బండిని రోడ్డెక్కించరాదు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో మగ్గాలూ కార్లూ కలిసే ఆగిపోయాయి. పన్నెకూ పళ్లేనికీ ఒకేసారి జంగు పట్టిన కాలం అది.

ఇప్పుడు ఏ వరదా, ఏ నిషేధమూ లేకుండానే డిస్కు ఊరికే కూర్చునే రోజులు వచ్చాయి. విద్యుత్ కారులో వేగం తగ్గించాలంటే మోటారే జనరేటరుగా మారి ఆ శక్తిని బ్యాటరీకి తిరిగి పంపుతుంది. మన 2 లక్షల జౌళ్లలో చాలా భాగం వేడి కాకుండా మిగులుతుంది. మంచిదే. కాని ప్యాడ్ డిస్కును తాకే సందర్భాలు తగ్గిపోయాయి. రోజూ నడిచే బండికి ప్యాడే తుప్పు గీకుతుందన్న ధీమా అక్కడ చెల్లలేదు. ఫోక్స్‌వాగన్ తన ఐడీ-3 విద్యుత్ కారు వెనుక చక్రాలకు తిరిగి డ్రమ్ము బ్రేకులే పెట్టింది. డిస్కు జనంలోకి వచ్చినప్పటి నుంచి పాతబడిపోతూ వచ్చిన డ్రమ్ము, తుప్పు పుణ్యమా అని కొత్త కారెక్కింది!

రెండో దారి పళ్లేనికే అరగని కవచం తొడగడం. 2017లో బాష్ సంస్థ పోత ఇనుప డిస్కు ముఖం మీద టంగ్‌స్టన్ కార్బైడు పొర వేసి చూపింది. పోర్షే తన కయెన్ కారులో అలాంటి డిస్కునే వాడింది. రుద్దుకునే ముఖానికి పూత వేయలేమన్న పాత మాట ఇలా సడలింది. ధర మాత్రం ఎక్కువ. 2024లో ఐరోపా సమాఖ్య ఆమోదించిన యూరో-7 నియమాలు తొలిసారిగా బ్రేకు ధూళికి కూడా హద్దు పెట్టాయి. మామూలు కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, బ్యాటరీ కార్లకు 3 మిల్లీగ్రాములు. ఆ ధూళిలో గీకిన తుప్పు కూడా ఉంటుంది కనుక, తుప్పు పట్టని డిస్కు కోసం ఇప్పుడు కంపెనీలు వెతుకుతున్నాయి.

ఈలోగా కొన్ని కార్ల కంప్యూటర్లకు ఒక చిన్న పని నేర్పారు. వాన పడుతుంటేనో, చాలాసేపు ప్యాడ్ కదలకుంటేనో, డ్రైవరుకు తెలియనంత మెల్లగా ప్యాడ్‌ను డిస్కుకు ఆనించి ఒకసారి తుడిపిస్తాయి.